ఐదు నత్తలు తిన్నాక

మన కృష్ణా జిల్లా మనిషి ఎదుటివాళ్ళ మనసు నొప్పించడు. అన్నంలో రాయి తగిలినా చాటుగా తీసి పక్కన పెట్టి, ‘వంట బ్రహ్మాండంగా ఉందండీ’ అంటాడు. ఈ మంచితనం పెళ్ళి భోజనాల దగ్గర శోభిస్తుందేమో గానీ, కొత్త వస్తువు తయారుచేసేవాళ్ళ కొంప మాత్రం నిలువునా ముంచుతుంది. రెండేళ్ళుగా అఫ్సా కొంప ముంచుతున్నది ఈ మంచితనమే.

అఫ్సాకు ముప్ఫై నాలుగేళ్ళు. ఆటోనగర్‌లో లారీలకు కరెంటు పని చేసే నన్నే సాహెబ్ కూతురు. ఇల్లు పటమటలో. ఉద్యోగం బెంజ్ సర్కిల్ దగ్గర, ఒక బట్టల షాపు పైన మూడో అంతస్తులో ఉన్న చిన్న కంపెనీలో. బడిపిల్లల కోసం ఫోన్లలోకి పాఠాలు తయారుచేసే కంపెనీ అది. అఫ్సా చేస్తున్నది మాత్రం పాఠం కాదు, ఆట కూడా కాదు. ఎవరి ఆట వాళ్ళు తయారుచేసుకునే పరికరం. పేరు ఆటపెట్టె. ప్రోగ్రామింగ్ అన్న మాటైనా వినని మనిషి ఫోను పట్టుకుని, తనకు కావలసిన బొమ్మలు ఎంచుకుని, ‘ఇది దాన్ని తాకితే’, ‘ఇలా జరగాలి’ అని తెలుగులో రాసివున్న ముక్కల్ని ఒకదాని కింద ఒకటి పేర్చుకుంటూ పోతే, చివరికి సొంత ఆట ఒకటి తయారవ్వాలి. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికే రెండేళ్ళు పట్టింది, ఇంకా పడుతోంది.

ఈ పిచ్చి పట్టడానికి కారణం వాళ్ళమ్మ సుగ్రా. ఇంజనీరింగు రెండో ఏడులో అఫ్సా మొదటిసారి ఒక ఆట చేసి ఇంటికి తెచ్చి చూపించింది. కుందేలు గెంతుతూ పోతుంటే రాళ్ళు అడ్డం వస్తాయి, అంతే. నాలుగో తరగతి దాకా చదివిన సుగ్రా దాన్ని చాలాసేపు చూసి, “పాపం, ఎంతసేపు గెంతుతుంది? మధ్యలో అది నీళ్ళు తాగేట్టు నేను చెయ్యొచ్చా?” అని అడిగింది. “నీవల్ల కాదులే అమ్మీ” అని నవ్వేసింది అఫ్సా. సుగ్రా కూడా నవ్వి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆమె ఆ సంగతి ఆ రోజే మరిచిపోయింది. అఫ్సా మరిచిపోలేదు. అమ్మ వల్ల ఎందుకు కాదు? తప్పు అమ్మదా, యంత్రానిదా? ఆ ప్రశ్న గొంతులో ముల్లులా ఉండిపోయింది.

సరే, ఆటపెట్టె తయారైంది. దాన్ని భుజాన వేసుకుని ఊరంతా తిరిగింది. దర్జీకి చూపించింది, స్పేరుపార్టుల షాపులో గుమాస్తాకు చూపించింది, ఆసుపత్రిలో నర్సుకు చూపించింది. పక్కన కూర్చుని నేర్పుతుంటే అందరూ తలలూపారు. అందరూ ‘చాలా బాగుందండీ’ అన్నారు. కొందరు టీ ఇప్పించారు. మర్నాటి నుంచి ఒక్కరూ దాన్ని తెరవలేదు. తెరిచారో లేదో ఆఫీసులో కూర్చుంటే కనపడుతుంది. తెరిచిన వాళ్ళ సంఖ్య చూడటానికి అఫ్సా రోజూ పొద్దున్నే కంప్యూటరు ముందు కూర్చునేది. సున్నా. మళ్ళీ మర్నాడు సున్నా. ఎక్కడ తప్పుందో ఒక్కడన్నా చెప్పి ఏడవచ్చు కదా. చెప్పరు. ఫోను చేస్తే, “అయ్యో, చాలా బాగుందండీ, తీరిక దొరకట్లా” అంటారు. ఆ మాట వింటే అఫ్సాకు ఫోను గోడకేసి కొట్టాలనిపించేది.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఇంతలో కృత్రిమ మేధ వచ్చిపడింది. కంపెనీ యజమాని జయంత్ ఒకరోజు ఆమెను గదిలోకి పిలిచాడు. చెడ్డవాడు కాదు. పామర్రు వైపు రైతు కుటుంబం, ఓపిక ఉన్న మనిషి. ఆ ఓపికకూ ఒక హద్దు ఉంటుంది.

“అఫ్సా గారూ, ఇప్పుడు నోటితో చెప్తే మెషీనే ఆట చేసిపెడుతోంది. ఇంకా ఈ ముక్కలు పేర్చుకునే ఓపిక ఎవరికుందండీ?”

“మెషీను చేస్తే అది మెషీను ఆట అవుతుంది సార్. వాళ్ళది కాదు.”

“కావచ్చండీ. కానీ రెండేళ్ళైంది. మీరు పక్కన లేకుండా దీంతో ఆట చేసిన మనిషిని ఒక్కరిని చూపించండి. ఒక్కరంటే ఒక్కరు. నెలాఖరు దాకా చూద్దాం. లేకపోతే ఆపేసి, మీరు పాఠాల పనిలోకి వచ్చెయ్యండి.”

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం అఫ్సా. కానీ ఆ రోజు వాదించలేదు. అడిగినది న్యాయమే మరి. ఒక్కరు. విజయవాడంత ఊళ్ళో, చుట్టూ ఇన్ని పల్లెల్లో, ఒక్క మనిషి.

ఆ ఒక్కరు రెండు రోజులకే దొరికారు. కంకిపాడు దాటాక కాలువ గట్టు మీద ఉన్న ఒక ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు రావమ్మ. యాభై దాటిన మనిషి. ఆమె ఫోనులో పిల్లల బరువులు ఎక్కించాలి, గుడ్లు ఎక్కించాలి, హాజరు ఎక్కించాలి, ఎక్కించినట్టు ఫోటో కూడా ఎక్కించాలి. అసలు ఫోనంటేనే ఆమెకు ఒళ్ళుమంట. అయినా అఫ్సా రెండుసార్లు బస్సెక్కి వెళ్ళి నేర్పింది. తనకు కావలసిన ఆట ఏమిటో రావమ్మకు బాగా తెలుసు. కోతలయ్యాక చేలల్లోకి బాతుల మందలు దిగుతాయి కదా, అలా ఒక బాతు చేలోకి దిగాలి. నత్తల్ని తినాలి. పిల్లలు ఒకటి, రెండు అని పైకి లెక్కపెట్టాలి. ఐదు నత్తలు తిన్నాక బాతు గట్టెక్కి రెక్కలు కొట్టుకోవాలి. అప్పుడు మూడేళ్ళ పిల్లలకు ఐదంటే ఎంతో తెలుస్తుంది. ఎంత మంచి ఆట. అఫ్సా తలబద్దలు కొట్టుకున్నా ఆమెకు తట్టే ఆట కాదది.

“అమ్మా ఆట అయింది” అని రావమ్మ వాట్సాప్ పెట్టింది. అఫ్సా తెరిచి చూసింది. బాతు దిగింది, ఐదు నత్తలు తింది, గట్టెక్కింది. ఎక్కడా వంక లేదు. అఫ్సా జయంత్ గదిలోకి దాదాపు పరిగెత్తింది. ఆయన కూడా ఆడి చూసి నవ్వాడు. “వెళ్ళి ఆవిడ చేస్తుండగా చిన్న వీడియో తీసుకురండి, అందరికీ చూపిద్దాం” అన్నాడు.

మర్నాడు అంగన్‌వాడీలో పిల్లలు అన్నాలు తిని పడుకున్న వేళ అఫ్సా వీడియో మొదలుపెట్టింది. “ఏం లేదు రావమ్మ గారూ, ఐదును ఏడు చెయ్యండి. చేస్తుండగా తీస్తాను.”

రావమ్మ ఫోను చేతిలోకి తీసుకుంది. పైకి జరిపింది, కిందికి జరిపింది. బాతును నొక్కింది. నీళ్ళను నొక్కింది. చీర కొంగుతో మొహం తుడుచుకుంది. అఫ్సా వీడియో ఆపేసింది.

“ఏమైందండీ?”

“ఏమనుకోకమ్మా” అంది రావమ్మ, నిద్రపోతున్న పిల్లల వంక చూస్తూ. “అది నేను చెయ్యలా. మా తోడికోడలి కూతురు కీర్తన చేసిపెట్టింది. బెజవాడలో ఇంజనీరింగు చదువుతోందిగా.”

“మరి నాకు అయిందని పెట్టారు.”

“నువ్వు రెండుసార్లు ఎండలో పడొచ్చావు. పక్కన కూర్చుని ఓపిగ్గా చెప్పావు. నాకు రాలేదని నీ మొహం మీద ఎట్లా చెప్పను? నీ మనసు కష్టపెట్టుకుంటావని...”

అఫ్సాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. మోసం చేసిందందామంటే, తన మనసు నొప్పించకూడదని చేసిన మోసం అది. అంగన్‌వాడీ ఆయా తెచ్చిచ్చిన మజ్జిగ తాగి, “ఫరవాలేదండీ” అనేసి వచ్చి బస్సెక్కింది. తానూ ఆ జిల్లాలో పుట్టినదే కదా.

ఆఫీసుకు వెళ్ళి జరిగింది జరిగినట్టు జయంత్‌కు చెప్పింది. దాచి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆయన కాసేపు పెన్ను తిప్పాడు.

“ఇక వీడియోలు వద్దండీ. నెలాఖరున ఆవిణ్ణే ఇక్కడికి రమ్మనండి. నా ఎదురుగా చెయ్యమనండి. మీరు మాత్రం చెయ్యి పెట్టకూడదు.”

ఇంకా ఇరవై నాలుగు రోజులున్నాయి. ఆ మర్నాడు ఆదివారం. ఆటోనగర్‌కు ఆదివారం లేదు. తండ్రికి అన్నం క్యారేజీ తీసుకెళ్ళే పని అఫ్సా మీద పడింది. నన్నే సాహెబ్ ఒక లారీ కింద పడుకుని ఉన్నాడు. వెనక ఎడమవైపు లైటు వెలగడం లేదట. డ్రైవరు పక్కనే నిలబడి తొందరపెడుతున్నాడు. అఫ్సా క్యారేజీ స్టూలు మీద పెట్టి, మనసులో ఉన్నదంతా అక్కడే కక్కేసింది.

“అబ్బాజాన్, మీకు కూడా ఇచ్చాను కదా ఆటపెట్టె. నిజం చెప్పండి. ఎట్లా ఉంది?”

“బాగుంది బేటా.”

“ఆ మాట తప్ప ఇంకేదైనా చెప్పండి.”

లారీ కింద నుంచి నన్నే సాహెబ్ మెల్లగా పాక్కుంటూ బయటికొచ్చి కూర్చున్నాడు.

“ఒక బంతి పెట్టా. ఒక గోడ పెట్టా. బంతి పోయి గోడకి తగిలి వెనక్కి రావాలి. రాలా. ఎందుకు రాలేదో తెలీలా. మూసేశా.”

“నన్ను అడగొచ్చు కదా. పక్క గదిలోనే ఉన్నానుగా.”

“అడిగితే నువ్వే చేసిస్తావు. అప్పుడది నా బంతి ఎట్లా అవుద్ది?”

ఆయన మళ్ళీ పనిలో పడ్డాడు. చేతిలో టెస్ట్ ల్యాంపు ఉంది. చిన్న బల్బు, దానికి రెండు వైర్లు. ఒక వైరును లారీ ఇనుముకు తగిలించి, రెండోదాన్ని బ్యాటరీ దగ్గర పెట్టాడు. బల్బు వెలిగింది. “ఇక్కడిదాకా వచ్చింది” అన్నాడు తనలో తానే. స్విచ్చి దగ్గర పెట్టాడు. వెలిగింది. “ఇక్కడిదాకా వచ్చింది.” చాసిస్ వెంట వెనక్కి వెళుతూ ఒక్కో అతుకు దగ్గర పెట్టి చూశాడు. మూడో అతుకు దగ్గర బల్బు వెలగలేదు. “ఇక్కడ ఆగింది.” అతుకు విప్పి చూపించాడు, లోపల పచ్చగా తుప్పు. గీకి, కలిపి, టేపు చుట్టాడు. లైటు వెలిగింది. డ్రైవరు ఎక్కి కూర్చున్నాడు.

చేతులు కడుక్కుంటూ నన్నే సాహెబ్, అంత ముఖ్యమైన మాటేమీ కాదన్నట్టు అడిగాడు: “నీ దాంట్లో ఈ బల్బు ఎక్కడ పెట్టావు బేటా? ఎక్కడిదాకా వచ్చిందో, ఎక్కడ ఆగిందో ఎట్లా తెలుస్తుంది?”

ఎక్కడా పెట్టలేదు. ముక్కలు పేర్చాలి, ‘నడుపు’ అని నొక్కాలి, ఆట నడిస్తే నడుస్తుంది, లేకపోతే లేదు. ఎందుకు నడవలేదో అఫ్సాకు తెలుసు, కీర్తనకు తెలుసు, ఎందుకంటే వాళ్ళు తలలోనే ఆ దారి నడిచి చూసుకోగలరు. రావమ్మ చూసుకోలేదు. ఆమెకు కనపడేది కదలని బాతు ఒక్కటే. కదలని బాతు ముందు కూర్చున్న మనిషి, తప్పు తనదే అనుకుంటుంది. తప్పు తనదనుకున్న మనిషి ‘బాగుందండీ’ అనక ఇంకేమంటుంది?

ఇక్కడ అఫ్సాకు సంతోషం కలిగిందనుకుంటే పొరపాటు. ఒళ్ళు మండిపోయింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఏడేళ్ళ వయసు నుంచి కళ్ళారా చూస్తున్న పనిని వదిలేసి, రెండేళ్ళు దర్జీల చుట్టూ, నర్సుల చుట్టూ తిరిగింది. ఎవరి దగ్గర ఏముందో చూడకుండా నేర్పడానికే బయల్దేరే చదువుకున్నవాళ్ళకు పట్టే తెగులే ఇది. తనను తాను తిట్టుకుంటూ ఇంటికి వచ్చింది.

సోమవారం నుంచి పని. ప్రతి ముక్క పక్కనా చిన్న బల్బు. ఆట నడుస్తుండగా ఏ ముక్క పని చేస్తే దాని బల్బు వెలగాలి. వినడానికి ఇది కూడా ఇంతే. కానీ అన్నీ ఒకేసారి వెలిగి దీపావళి అయిపోయింది. నెమ్మది చేస్తే బాతు నత్తలా నడిచింది. పాత ముక్కలు కొన్ని పనిచెయ్యడం మానేశాయి. పన్నెండు రోజులకు గానీ ఒక దారికి రాలేదు. పదమూడో రోజు కంకిపాడు బస్సెక్కి వెళ్ళి, రావమ్మ ఫోనులో కొత్తది పెట్టి, బల్బు సంగతి రెండు మాటల్లో చెప్పింది.

“బాగుందమ్మా” అంది రావమ్మ.

“ఆ మాట ఒక్కటి వద్దండీ. నెలాఖరున ఆఫీసుకొచ్చి, మొదటినుంచీ మీ అంతట మీరు చెయ్యాలి. కీర్తనకు ఇవ్వకండి. రాకపోతే రాలేదనండి. నాకేం కోపం ఉండదు.”

“ఆ పిల్లకిస్తే ‘ఇంత తేలికైంది కూడా రాదా పెద్దమ్మా’ అంటుంది. ఇవ్వన్లే.”

తర్వాత తొమ్మిది రోజులు కబురు లేదు. ఆఫీసు కంప్యూటరులో రావమ్మ పేరు పక్కన రోజూ ఏదో ఒక అంకె కనపడేది గానీ, తెరిచి ఏం చేస్తోందో, తెరిచి తిట్టుకుని మూసేస్తోందో కనపడదు కదా. ఒకసారి ఫోను చేస్తే, “బరువుల పని ఉందమ్మా, తర్వాత చేస్తా” అని పెట్టేసింది. అఫ్సాకు తిండి సయించలేదు. ఎవరూ ఏమీ చెప్పరు. ఈ మనుషులను ఏం చెయ్యాలి?

నెలాఖరు రోజు రావమ్మ పదకొండింటికి వచ్చింది. బెంజ్ సర్కిల్‌లో బస్సు దిగి రోడ్డు దాటడానికి పావుగంట పట్టిందట, ఆ విసుగుతోనే మూడంతస్తులు ఎక్కింది. జయంత్ లేచి నిలబడి కూర్చోమన్నాడు, మంచినీళ్ళు తెప్పించాడు. అఫ్సా ఆమె పక్క కుర్చీలో కూర్చుంది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది.

“ఎలా ఉందండీ మా ఆటపెట్టె?” అన్నాడు జయంత్ మర్యాదగా.

రావమ్మ అఫ్సా వంక ఒకసారి చూసింది. “ఆ మాట అనొద్దన్నావు గాబట్టి చెప్తున్నానమ్మా.” జయంత్ వైపు తిరిగింది. “బాగాలేదండీ.”

రావమ్మ అంతటితో ఆగలేదు.

“అక్షరాలు చీమల్లా ఉన్నాయి, జోడు పెట్టుకున్నా కనపడవు. ఒక నత్తను తీసెయ్యాలంటే, తీసెయ్యమంటావా, నిజంగా తీసెయ్యమంటావా, ఆలోచించుకున్నావా అని మూడుసార్లు అడుగుద్ది. ఏం, నా నత్త నా ఇష్టం కాదా? పొరపాటున పక్కన వేలు తగిలితే ఉన్నదంతా మాయం. మొన్న సగం ఆట పోయింది. మళ్ళీ మొదటినించీ చేసుకున్నా.”

జయంత్ కుర్చీలో వెనక్కి వాలాడు. రెండేళ్ళ పని అయిపోయిందనుకుంది అఫ్సా. అంతలో ఆమెకు ఒక సంగతి తట్టింది. నత్తను తీసేస్తే మూడుసార్లు అడుగుతుందని దర్జీకి తెలియదు, గుమాస్తాకు తెలియదు, నర్సుకు తెలియదు. తెలియాలంటే ఎన్నో నత్తల్ని పెట్టి తీసెయ్యాలి.

రావమ్మ ఖాళీ తెర తెరిచింది. చేను పెట్టింది. బాతును దించింది. నత్తల్ని చల్లింది. ముక్కలు పేర్చింది. ఇరవై నిమిషాలు పట్టింది. నొక్కింది. బాతు ఒక నత్తను తింది. రెండు. మూడు. నాలుగు. ఐదు. గట్టెక్కలేదు. ఆరు. ఏడు. తింటూనే ఉంది.

తప్పు ఎక్కడుందో అఫ్సాకు చూడగానే తెలిసిపోయింది. వేలు పెట్టి అర నిమిషంలో సరిచెయ్యగలదు. ఒళ్ళో ఉన్న చెయ్యి తనంతట తానే లేచి ఫోను వైపు వెళ్ళింది. జయంత్ ఆ చెయ్యి వంకే చూస్తున్నాడు.

రావమ్మ ఫోను అవతలికి లాక్కుంది. “నువ్వు పక్కనుంటే నాకు చెయ్యాడదమ్మా. కాసేపు బయట నుంచో.”

అఫ్సా లేచి బయటికొచ్చింది. అద్దం తలుపు సగం తెరిచే ఉంది. లోపల రావమ్మ కళ్ళజోడు ముక్కు మీదికి జరుపుకుని, చూపుడు వేలితో ఒక్కో బల్బు దగ్గరా ఆగుతోంది.

“తాకితే... ఇది వెలిగింది. ఒకటి కలుపు... ఇదీ వెలిగింది. ఐదైతే... ఇది వెలగలా.” వేలు అక్కడే ఆగింది. “లెక్క ఐదు కాలేదన్నమాట. ఎందుక్కాలేదు? అన్ని తిందిగా.” పేర్చిన ముక్కల్ని మళ్ళీ పైనుంచి కిందికి చూసుకుంది. నెత్తిన చిన్నగా కొట్టుకుంది. “నా మతి మండ. లెక్క తీసుకెళ్ళి నత్తకి కట్టాను. ఏ నత్తకా నత్త ఒకటి, ఒకటి అనుకుంటోంది. తినేది బాతు కదా, లెక్క బాతు దగ్గరుండాలి.”

ఆ మాట అఫ్సా ఎవరికీ ఎప్పుడూ నేర్పలేదు. కీర్తనకు అది నేర్చుకోవడానికి కాలేజీలో రెండు క్లాసులు పట్టి ఉంటుంది. అఫ్సాకు ఒక్కసారిగా వాళ్ళమ్మా, ఆ కుందేలూ గుర్తుకొచ్చాయి. కళ్ళు నిండాయి, తుడుచుకోలేదు.

తలుపు తోసుకుని జయంత్ బయటికొచ్చాడు. ఆమె పక్కన నిలబడి, ఏం చెయ్యాలో తోచనట్టు చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

“నన్ను కూడా వెళ్ళమన్నారండీ” అన్నాడు.

లోపల నుంచి బాతు కూత వినిపించింది. దాని వెనకే రావమ్మ గొంతు, అంగన్‌వాడీలో పిల్లలతో చెప్పించినట్టు, పైకి లెక్కపెడుతోంది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆ తర్వాత రెక్కలు టపటపా కొట్టుకున్న చప్పుడు.

“లోపలికి వెళ్దామా?” అన్నాడు జయంత్ మెల్లగా.

“ఆవిడ పిలిచేదాకా వద్దండీ” అంది అఫ్సా.